చంటిబిడ్డతో విశ్వవిద్యాలయ చదువు: అనంతపురంలో ఏ సాయం ఎవరికి నప్పుతుంది?

పీజీలో సీటు వచ్చింది, లేదా పీహెచ్‌డీకి గైడు ఒప్పుకున్నారు. ఇంట్లో ఏడాదిన్నర బిడ్డ. ఇలాంటి ఇంట్లో మొదట లేచే ప్రశ్న ఫీజు గురించి కాదు, బిడ్డను ఎవరు చూసుకుంటారన్నది. ఆ వెంటనే రెండోది: దీనికి ప్రభుత్వం గానీ విశ్వవిద్యాలయం గానీ ఏమైనా ఇస్తుందా?

'చదువుకునే తల్లిదండ్రులకు శిశు సంరక్షణ భత్యం' అనే పేరుతో మన రాష్ట్రంలో పథకమేదీ లేదు. ఈ మాట ముందే తెలిస్తే చాలా తిరుగుడు తప్పుతుంది. ఉన్న సాయం ముక్కలు ముక్కలుగా ఉంది. కొంత మహిళా శిశు సంక్షేమ శాఖ దగ్గర, కొంత యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల్లో, కొంత పాఠశాల విద్యాశాఖలో, కొంత భర్తో భార్యో పనిచేసే చోట. ఒక చోట అది డబ్బు, ఒక చోట బిడ్డను వదిలి వెళ్లే వసతి, ఒక చోట సెలవు. ఇవి ఒకదానికొకటి బదులు కావు. తల్లికి వందనం కింద ఖాతాలో పదమూడు వేలు పడినంత మాత్రాన మంగళవారం ఉదయం ల్యాబ్ ఉన్నప్పుడు బిడ్డను ఎత్తుకునే మనిషి రాదు కదా.

అందుకే రూపాయల కంటే ముందు గంటలు లెక్కపెట్టమంటాను. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం (ఎస్కేయూ), జేఎన్‌టీయూ, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చదివేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం వాళ్లకు కూడా ఊరి పేరు తప్ప లెక్క పెద్దగా మారదు.

## ముందు తేల్చుకోవలసినవి

బిడ్డ వయసు. అన్నిటికన్నా ఇదే ముఖ్యం. ఆరు నెలల లోపు, ఆరు నెలల నుంచి మూడేళ్లు, మూడు నుంచి ఆరు, ఒకటో తరగతిలో చేరాక: ఒక్కో దశలో ఒక్కో సాయం అందుతుంది, మరొకటి ఆగిపోతుంది. అన్నిటికన్నా గడ్డు కాలం ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు. ప్రసవం నాటి డబ్బు అయిపోయి ఉంటుంది, అంగన్‌వాడీలో కూర్చోబెట్టే వయసు రాదు, బడి పథకాలు ఇంకా దూరం. మనిషి అవసరం మాత్రం అప్పుడే ఎక్కువ.

గంటలు. మీ టైంటేబుల్‌కు ప్రయాణం కలపండి. ఎస్కేయూ ఊరి బయట చెన్నై హైవే మీద ఉంది. పది గంటల క్లాసుకు తొమ్మిది, తొమ్మిదింపావుకే ఇల్లు వదలాలి. సాయంత్రం నాలుగున్నరకు వదిలితే ఇల్లు చేరేసరికి ఐదున్నర. అంటే బిడ్డకు కావలసింది ఎనిమిది గంటల పైచిలుకు. ఆరు గంటలే తెరిచి ఉండే చోటు ఉచితమైనా మీకు సగం సమస్యే తీరుస్తుంది.

డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది. డే కేర్ వాళ్లు నెల మొదట్లో అడుగుతారు. పథకాల డబ్బు ఏడాదికొకసారి వస్తుంది. మధ్యలో ఎవరు పెట్టుబడి పెడతారో ముందే అనుకోవాలి.

ఇంటి లెక్క. మన రాష్ట్రంలో చాలా పథకాలకు అర్హత మనిషిని బట్టి కాదు, గ్రామ, వార్డు సచివాలయం రికార్డుల్లో ఒక ఇల్లుగా నమోదైన కుటుంబాన్ని బట్టి. బియ్యం కార్డులో మీతో పాటు ఎవరున్నారన్నది చాలా పెద్ద ప్రశ్న. దీని గురించి కింద విడిగా చెబుతాను.

హాజరు. బోధన రుసుము ప్రభుత్వం కడుతున్నవారికి 75 శాతం హాజరు తప్పనిసరి. బిడ్డకు జ్వరమొచ్చి పదేసి రోజులు మానేస్తే పోయేది పాఠాలు మాత్రమే కాదు, ఫీజు కూడా మీ నెత్తిన పడవచ్చు. శిశు సంరక్షణ మీద పెట్టే ఖర్చును ఈ కోణంలోనూ చూడండి. నెలకు మూడు వేలు ఆయాకు ఇవ్వలేమనుకుని ఏడాది ఫీజును పణంగా పెట్టేవారున్నారు.

## ఒక్క చూపులో

| ఎంపిక | ఏ వయసు బిడ్డకు | మీకు దొరికేది | ఎక్కడ తక్కువవుతుంది |
|---|---|---|---|
| అంగన్‌వాడీ | కూర్చోబెట్టేది 3–6 ఏళ్లు. ఆహారం 6 నెలల నుంచి | ఉచితంగా చోటు, భోజనం | క్లాసు పూర్తయ్యే దాకా ఉండదు |
| పాల్నా క్రెష్ (ప్రభుత్వ శిశు సంరక్షణ కేంద్రం) | 6 నెలలు–6 ఏళ్లు | రోజుకు ఏడున్నర గంటల చోటు | అన్ని వార్డుల్లో లేదు |
| ప్రైవేటు డే కేర్ | కేంద్రాన్ని బట్టి | పూర్తి గంటలు | మొత్తం ఖర్చు మీదే |
| అవ్వ, జేజి | ఏ వయసైనా | మనిషి, నమ్మకం | పథకాల అర్హతకు చిక్కు |
| ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు | ముఖ్యంగా మొదటి ఏడాది | సమయం | ఫెలోషిప్ లేనివారికి డబ్బు రాదు, చదువు వెనకబడుతుంది |
| మాతృ వందన యోజన | కాన్పు సమయం | 5,000 లేదా 6,000 రూపాయలు | ఒక్కసారే |
| తల్లికి వందనం | ఒకటో తరగతి నుంచి | ఏడాదికి 13,000 రూపాయలు | చంటిబిడ్డలకు లేదు |
| జేఆర్‌ఎఫ్ (పరిశోధకుల జూనియర్ ఫెలోషిప్) | బిడ్డ వయసుతో పని లేదు | నెలనెలా 37,000 రూపాయలు | నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష కొట్టాలి |

పట్టిక చూసి పెద్ద అంకె ఉన్నదాని మీదికి మనసు పోతుంది. కానీ రెండేళ్ల బిడ్డ ఉన్న ఎంఏ విద్యార్థినికి ఈ ఎనిమిదింటిలో పనికొచ్చేవి రెండో మూడో. అవేమిటో చూద్దాం.

## బిడ్డను వదిలే చోట్లు

### అంగన్‌వాడీ

చదువుకున్న ఇళ్లలో అంగన్‌వాడీ అంటే కొంచెం చిన్నచూపు ఉంది. 'మా బిడ్డను ప్లే స్కూలుకే పంపుతాం' అంటారు. బిడ్డకు మూడేళ్లు నిండి, ఇంటికి నడిచే దూరంలో కేంద్రం ఉండి, టీచరు శ్రద్ధగలవారైతే ఈ చిన్నచూపు ఖరీదైనది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలు, వేడి భోజనం, గుడ్డు అక్కడే దొరుకుతాయి. మూడేళ్లలోపు వారిని కూర్చోబెట్టుకోరు గానీ, బాలామృతం వంటి పోషకాహారం ఇంటికి ఇస్తారు. నెలసరి ఖర్చులో అది కూడా ఒక మిగులే.

లోటు గంటల దగ్గర. కేంద్రం మూసే వేళకు మీరింకా క్యాంపస్‌లోనే ఉంటారు. ఆ మిగిలిన గంటా గంటన్నరకు ఒక మనిషి కావాలి. పూర్తి రోజుకు ఆయాను పెట్టుకోవడం కంటే ఆ గంటన్నరకు పక్కింటివారితోనో, అదే వీధిలో ఉండే ఓ పెద్దావిడతోనో నెలకింత అని మాట్లాడుకోవడం చాలా చవక. అనంతపురం పాతవూరు వంటి ఇరుకు వీధుల్లో ఇది సులభం, కొత్త లేఅవుట్లలో కష్టం. అద్దె ఇల్లు వెతికేటప్పుడు క్యాంపస్‌కు దగ్గరా అని కాకుండా, మంచి అంగన్‌వాడీకి దగ్గరా అని చూడడం కొందరికి ఎక్కువ లాభం.

### పాల్నా క్రెష్

కేంద్ర ప్రభుత్వం పాత జాతీయ క్రెష్ పథకాన్ని 2022లో మిషన్ శక్తి కిందికి తెచ్చి పాల్నా అని పేరు పెట్టింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. కొన్ని విడి క్రెష్‌లు, కొన్ని అంగన్‌వాడీకే జోడించినవి. ఒక్కో క్రెష్‌లో 25 మంది వరకు పిల్లలు.

విద్యార్థినులకు ఇందులో నచ్చవలసిన విషయం ఒకటుంది. అంగన్‌వాడీకి జోడించిన క్రెష్‌లో తల్లికి ఉద్యోగం ఉందా లేదా అన్నది అర్హతకు అడ్డు కాదు. 'ఉద్యోగం లేదు కదా, క్రెష్ ఎందుకు' అని ఎవరైనా తిప్పి పంపితే ఈ మాట గుర్తు చేయవచ్చు. ఆరు నెలల నుంచి మూడేళ్ల గడ్డు కాలానికి ప్రభుత్వం వైపు నుంచి ఉన్న సూటి జవాబు ఇదొక్కటే. మీ వార్డుకు దగ్గరలో ఉందో లేదో అంగన్‌వాడీ టీచరును, లేదా ఐసీడీఎస్ ప్రాజెక్టు కార్యాలయంలో సీడీపీఓను (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారిని) అడగండి. ఉంటే, మిగతా ఎంపికల గురించి ఆలోచించే ముందు వెళ్లి ఒక పూట అక్కడ కూర్చుని చూడండి. ఫ్యాను తిరుగుతోందా, మంచినీళ్లు ఎక్కడున్నాయి, నిద్రపోయే పిల్లలను ఎక్కడ పడుకోబెడతారు? మన ఊరి ఏప్రిల్, మే ఎండల్లో ఈ మూడూ చిన్న విషయాలు కావు.

### క్యాంపస్ లోపల

యూజీసీ పదకొండో ప్రణాళిక కాలంలో విశ్వవిద్యాలయాల్లో డే కేర్ కేంద్రాలకు సాయం చేసే పథకం నడిపింది. ఉద్యోగుల పిల్లలతో పాటు విద్యార్థుల, పరిశోధకుల పిల్లలకూ అందులో చోటుంది. కాబట్టి మీ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుల పిల్లల కోసం ఏ గదైనా నడుస్తుంటే, మీ బిడ్డను కూడా చేర్చుకోమని అడగడం వింత కోరిక కాదు. లేకపోతే మహిళా విభాగం ద్వారా రిజిస్ట్రారుకు రాతపూర్వకంగా అడగాలి. ఒక్కరు కాదు, చంటిపిల్లలున్న స్కాలర్లు, అధ్యాపకులు, నాన్ టీచింగ్ సిబ్బంది కలిసి సంతకాలు పెట్టాలి. అయితే ఈ ఏడాది మీ లెక్కలో దాన్ని కలుపుకోవద్దు. అలాంటి అర్జీ ఫలితం మీ తర్వాత వచ్చేవారికి అందితే అందుతుంది.

మహిళా హాస్టళ్లలో సాధారణంగా బిడ్డతో ఉండనివ్వరు. హాస్టల్ సీటు చవక అని చూసుకుని తర్వాత బయట గది వెతుక్కునేవారు ఆ తేడాను మొదటే కలుపుకోవాలి.

### ప్రైవేటు డే కేర్, ఇంట్లో ఆయా

గంటలు సరిపోయేవి ఇవే, జేబు ఖాళీ చేసేవీ ఇవే. నెలకు నాలుగు వేలు అనుకుందాం, పది నెలలకు నలభై వేలు. కాన్పు నాటి ఐదు వేల సాయం దీనికి నెల పైన కొన్ని రోజులకే చాలుతుంది.

ప్లే స్కూలు, డే కేర్ ఒకే ఆవరణలో నడుస్తుంటే రసీదులు విడివిడిగా అడగండి. కారణం ఉంది. జీవిత భాగస్వామి రైల్వేలోనో మరో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలోనో ఉంటే (గుంతకల్లు డివిజన్ పుణ్యమా అని మన జిల్లాలో అలాంటి ఇళ్లు తక్కువేమీ కావు) పిల్లల విద్యా భత్యం వస్తుంది. 2024 జనవరి నుంచి అది బిడ్డకు నెలకు 2,812 రూపాయల 50 పైసలు, ఇద్దరు పిల్లల వరకు. ఒకటో తరగతికి ముందున్న పూర్వ ప్రాథమిక తరగతులకూ వర్తిస్తుంది. అయితే దానికి కావలసింది బడి ఇచ్చే బోనఫైడ్ ధ్రువపత్రం, డే కేర్ బిల్లు కాదు. పైగా ఏడాది ముగిశాకే చేతికొస్తుంది. భాగస్వామి ప్రైవేటు ఉద్యోగి అయి, పాత పన్ను విధానంలో ఉంటే ప్లే స్కూలు బోధన రుసుమును మినహాయింపులో చూపవచ్చు. డే కేర్ రుసుమును చూపలేరు. అందుకే రెండింటినీ ఒకే రసీదులో కలిపి రాయించుకోవడం నష్టం.

ఆయా విషయంలో ఒక్క మాట. ఇద్దరు స్కాలర్లు ఒకే వీధిలో ఇళ్లు తీసుకుని ఒకే ఆయాతో ఇద్దరు పిల్లలను చూపించుకుంటే ఖర్చు సగమవుతుంది. ఒక బిడ్డకు జలుబు చేసిన రోజు మాత్రం ఇద్దరి క్లాసులూ పోతాయి.

### అవ్వ దగ్గర

రాయలసీమలో ఇప్పటికీ ఎక్కువ మంది ఎంచుకునేది ఇదే. బిడ్డను కళ్యాణదుర్గంలోనో ధర్మవరంలోనో అమ్మగారింట వదలడం ఒక పద్ధతి, అవ్వనే అనంతపురానికి రప్పించుకోవడం మరో పద్ధతి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు కాబట్టి రెండో పద్ధతి ఇప్పుడు తేలికైంది. అవ్వ సోమవారం వచ్చి శుక్రవారం వెళ్లినా ప్రయాణానికి పైసా పడదు. నా మొగ్గు రెండో పద్ధతి వైపే. వారమంతా బిడ్డకు దూరంగా ఉండి చదువు మీద మనసు పెట్టడం చాలామంది తల్లులకు సాధ్యం కాదు. వారాంతపు రాకపోకల అలసట కూడా హాజరు మీదే పడుతుంది.

ఇది ఉచితమని మాత్రం అనుకోవద్దు. అవ్వ కూలి పనో, చేనేత మగ్గం పనో, చిన్న అంగడో వదులుకుని వస్తున్నారా? ఆ పోయిన ఆదాయమే మీ శిశు సంరక్షణ ఖర్చు. కుటుంబంలో ఎవరూ దాన్ని పైకి అనరు గనుక అది లేదని కాదు.

ఇక పైన చెప్పిన ఇంటి లెక్క. తల్లికి వందనం వంటి పథకాలకు ఇంటి మొత్తాన్ని చూస్తారు. ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 రూపాయలు దాటకూడదు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్ల లోపు ఉండాలి. నాలుగు చక్రాల సొంత బండి, ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు ఆ ఇంట ఉండకూడదు. ట్యాక్సీ, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. ఉమ్మడి ఇంట్లో మామగారు రిటైరైన ఉద్యోగో, మరిది ప్రభుత్వ టీచరో అయితే అత్తగారు ఉచితంగా బిడ్డను చూస్తారు, పథకం మాత్రం రాకుండా పోవచ్చు. నా దృష్టిలో బిడ్డ బడికి వెళ్లే వయసు వచ్చేదాకా ఈ చిక్కు గురించి తల బద్దలు కొట్టుకోనక్కర లేదు. మొదటి ఆరేళ్లూ అత్తగారి ఓపిక విలువ ఏ పథకానికన్నా ఎక్కువ. ఏడాదికి పదమూడు వేల కోసం కార్డు విడగొట్టుకుని, ఆ కోపంలో చూసే మనిషిని పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

## సెలవు అనే సాయం

దీన్ని ఎవరూ ఆర్థిక సాయంగా లెక్కపెట్టరు. కానీ మొదటి ఏడాది బిడ్డకు పూర్తి రోజు మనిషిని పెట్టుకోవడానికి ఎంతవుతుందో లెక్క వేస్తే, సెలవు విలువ అంత.

పీహెచ్‌డీ వారికి నిబంధన స్పష్టం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మహిళా స్కాలర్లకు మొత్తం పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చు. గడువులోనూ సడలింపు ఉంది. మామూలుగా ఆరేళ్లు, పునర్నమోదుతో ఎనిమిదేళ్లు, మహిళలకు ఇంకో రెండేళ్లు కలిపి పదేళ్లు మించకుండా. ఆ 240 రోజులను ఒకేసారి వాడాలా, విడగొట్టుకోవచ్చా అన్నది మీ విశ్వవిద్యాలయం రాసుకున్న నియమాల్లో చూసుకోండి. విడగొట్టుకునే వీలుంటే కాన్పుకు అంతా ఖర్చు చేయకుండా బిడ్డ రెండో ఏట కోసం కొంత దాచుకోమంటాను.

జేఆర్‌ఎఫ్ ఉన్నవారు ఇక్కడ జాగ్రత్త పడాలి. ఫెలోషిప్‌తో కూడిన ప్రసూతి సెలవు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నియమాలను అనుసరిస్తుంది, అక్కడ అది 180 రోజులు. పీహెచ్‌డీ సెలవు 240 రోజులు. మధ్యలోని 60 రోజులకు డబ్బు వస్తుందని ధీమాగా ఉండకుండా ముందే కార్యాలయంలో అడగాలి.

డిగ్రీ, పీజీ విద్యార్థినుల పరిస్థితి ఇంత గట్టిగా లేదు. 2021 డిసెంబరు 14న యూజీసీ అన్ని విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. యూజీ, పీజీ విద్యార్థినులకు కూడా ప్రసూతి సెలవు, హాజరు సడలింపు, పరీక్ష దరఖాస్తు గడువు పొడిగింపు వంటివాటికి నియమాలు రూపొందించుకోమని అందులో ఉంది. అది సూచన. అమలు మీ విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. ఆ లేఖ ప్రతి జతచేసి, వైద్యుల ధ్రువపత్రంతో, సెలవు మొదలయ్యే ముందే విభాగాధిపతికి దరఖాస్తు ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. పరీక్షల ముందు హాజరు జాబితాలో పేరు లేకపోయాక అడిగితే ఎవరైనా చేతులెత్తేస్తారు.

సెలవు, దూరవిద్య మధ్య ఊగిసలాడేవారికి: ఇగ్నోలో రెండేళ్ల ఎంఏను నాలుగేళ్ల వరకు సాగదీసుకోవచ్చు, క్లాసు గంటల గొడవ ఉండదు. కానీ దూరవిద్యకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. బిడ్డకు ఏడాది లోపుంటే దూరవిద్య, మూడేళ్లు దగ్గరపడుతుంటే ఒక్క ఏడాది ఆగి రెగ్యులర్ సీటు మేలు.

## చేతికొచ్చే డబ్బు

ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5,000 రూపాయలు రెండు విడతల్లో వస్తాయి: గర్భం నమోదై పరీక్ష చేయించుకున్నాక 3,000, కాన్పు నమోదై మొదటి విడత టీకాలు పూర్తయ్యాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి 6,000. అంగన్‌వాడీలోనే దరఖాస్తు. విద్యార్థిని అన్నది అడ్డు కాదు. ఇది టీకాలకు, మందులకు పనికొస్తుంది, అంతకు మించి ఆశించవద్దు.

తల్లికి వందనం గురించి చాలామంది పొరబడతారు. 2025 జూన్‌లో మొదలైన ఈ పథకం ఒకటో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా చదివే ప్రతి బిడ్డకు ఏడాదికి 15,000 అంటుంది. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా తల్లి ఖాతాలో 13,000 పడతాయి. బిడ్డకు 75 శాతం హాజరుండాలి. ప్లే స్కూలు, నర్సరీ, యూకేజీ పిల్లలకు ఇది లేదు. అయితే ఆరేడేళ్ల బిడ్డ ఉన్న స్కాలరుకు మాత్రం ఇది బాగా పనికొస్తుంది. బడి వదిలాక సాయంత్రం రెండు గంటలు చూసే మనిషికి ఏడాది పొడుగునా ఇచ్చే డబ్బులో పెద్ద భాగం ఇందులో వస్తుంది.

ఫెలోషిప్‌ల దగ్గరికి వద్దాం. ఇవి శిశు సంరక్షణ కోసం ఇచ్చేవి కావు, కానీ నెలనెలా వచ్చే డబ్బు ఇవే. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, దాని తర్వాతి దశ ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేని స్కాలర్లకు నెలకు 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయం, కేంద్రీయ విశ్వవిద్యాలయం రెండు చోట్లా పీహెచ్‌డీ సీటు వచ్చే అవకాశం ఉండి, జేఆర్‌ఎఫ్ లేకపోతే, ఈ ఎనిమిది వేలే నిర్ణయాన్ని తేల్చవచ్చు. ఒక బిడ్డ డే కేర్, రాకపోకలు అందులో గడుస్తాయి. ఇంకో మాట: యూజీసీ ఏకైక ఆడబిడ్డ ఫెలోషిప్ పేరు చూసి 'మాకు ఒక్కతే కూతురు' అని దరఖాస్తు చేసేవారున్నారు. అక్కడ ఏకైక సంతానం కావలసింది మీరు, మీ తల్లిదండ్రులకు.

అప్పు చివరి మాట. బ్యాంకు విద్యారుణం ఫీజు, హాస్టల్, పుస్తకాలు, కంప్యూటర్ వంటివాటికి ఇస్తుంది, ఆ జాబితాలో డే కేర్ లేదు. చేయదగ్గది ఒకటే: ఫీజుకు విద్యారుణం తీసుకుని, ఫీజుకని దాచిన సొంత డబ్బును బిడ్డకు మళ్లించడం. కోర్సు పూర్తయిన ఏడాది తర్వాతే వాయిదాలు మొదలవుతాయి గనుక కొంత ఊపిరి ఉంటుంది. నెలనెలా వచ్చే ఖర్చుకు బంగారం తాకట్టు మాత్రం వద్దు. విడిపించే లోపు మళ్లీ జూన్ వస్తుంది.

లండన్‌లో ఉన్న చుట్టాలు 'ఇక్కడ విద్యార్థులకు డే కేర్ ఖర్చు ప్రభుత్వమే ఇస్తుంది' అని చెబితే సగమే నిజం. ఇంగ్లండ్‌లో చైల్డ్‌కేర్ గ్రాంట్ ఉంది, ఖర్చులో 85 శాతం వరకు ఇస్తుంది, కానీ అక్కడి స్థానిక పూర్తికాల డిగ్రీ విద్యార్థులకు. మన వీసా మీద వెళ్లేవారికి రాదు. పైగా 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్‌కు వెళ్లేవారు భార్యాబిడ్డలను వెంట తీసుకెళ్లే వీలు కూడా లేదు, పరిశోధన కోర్సులకే ఉంది.

## ఎవరికి ఏది

*జేఆర్‌ఎఫ్ ఉన్న స్కాలరు, ఆరు నెలల బిడ్డ.* డబ్బు మీ సమస్య కాదు, మనిషే. ఇంట్లో ఆయా, పైన ఒక పెద్దావిడ కన్ను. సెలవును పొదుపుగా వాడండి.

*ఎంఏ, ఎంఎస్సీ విద్యార్థిని, రెండేళ్ల బిడ్డ, భర్త బెంగళూరులో.* అన్నిటికన్నా కష్టమైన పరిస్థితి ఇది. దగ్గర్లో పాల్నా ఉంటే అదే మొదటి ఎంపిక. లేకుంటే అవ్వను రప్పించుకోవడం. రెండూ కుదరకపోతే, బిడ్డకు మూడేళ్లు నిండే దాకా చేరికను వాయిదా వేయడం ఓటమి కాదు. భర్త పంపే డబ్బంతా డే కేర్‌కు, అద్దెకు పోయి, చివరికి హాజరు చాలక సెమిస్టరు పోగొట్టుకోవడం కంటే నయం.

*నాలుగేళ్ల బిడ్డ, ఉద్యోగం లేని ఇల్లు.* అంగన్‌వాడీ, ఆపైన గంటన్నరకు పొరుగు మనిషి. ఇంకేమీ వెతకనక్కర లేదు.

*చదివేది తండ్రి, ఉద్యోగం తల్లిది.* రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగిని అయితే ఆమెకు 180 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది, మీ పరీక్షల నెలలకు దాన్ని దాచుకోవచ్చు. జేఆర్‌ఎఫ్ ఉన్న తండ్రికి పితృత్వ సెలవు కూడా ఉంటుంది, అడిగేవారే తక్కువ.

*ఒంటరి తల్లి.* ఇక్కడ మిగతా పట్టికంతా పక్కన పెట్టి ముందు మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ చూడాలి. భర్త పోయినవారు, విడాకులు తీసుకున్నవారు, కుటుంబం వదిలేసినవారి పిల్లలకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెలో 72,000, పట్టణంలో 96,000 మించకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు, కమిటీ ఆమోదం. ఇది బిడ్డ వయసుతో సంబంధం లేకుండా, నెలకింత అని వచ్చే సాయం. పైన చెప్పిన గడ్డు కాలానికి సరిగ్గా సరిపోయే డబ్బు ఇదొక్కటే. వితంతువులకు ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 4,000 కూడా ఉంది. రెండూ కలిసి వస్తాయా అన్నది దరఖాస్తు చేసేటప్పుడే అడిగి తెలుసుకోండి.

బిడ్డ జనన ధ్రువపత్రం, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, భర్త మరణ ధ్రువపత్రం లేదా విడాకుల ఉత్తర్వు, మీ బోనఫైడ్ సిద్ధంగా ఉంచుకోవాలి. విడిగా ఉంటున్నా విడాకులు కానివారి దరఖాస్తు తరచూ ఈ కాగితం దగ్గరే ఆగుతుంది. వారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. బిడ్డ పోషణ ఖర్చు తండ్రి నుంచి అడిగే సెక్షన్ పాత సీఆర్‌పీసీలో 125, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 144. తుది తీర్పు దాకా ఆగకుండా మధ్యంతర భృతి కోరవచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు దాన్ని తేల్చాలని చట్టమే చెబుతోంది. ఆ పిటిషన్‌లో డే కేర్ రసీదులు, మీ క్లాసుల టైంటేబుల్ జతచేయమని న్యాయవాదికి చెప్పండి.